అన్నా, ఒక్క సెట్‌కి వెనకాల నిలబడతారా?

రాత్రి పదిన్నర. డాలస్ శివార్లలో మేముండే కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో చిన్న జిమ్. ఆఫీసు కాల్స్ అయిపోయి, ఇంట్లో భోజనాలయ్యాక నాకు దొరికే సమయం అదే. ఆ రోజు బెంచ్ మీద పడుకుని 155 పౌండ్లు, అంటే సుమారు 70 కిలోలు ఎత్తుతున్నాను. ఐదు రెప్స్ చేద్దామనుకున్నాను. నాలుగు బాగానే వచ్చాయి. ఐదోసారి బార్ ఛాతీ దాకా దిగింది, సగం దూరం లేచింది, అక్కడ ఆగిపోయింది. చేతులు వణుకుతుండగానే మెల్లగా కిందికి దిగి ఛాతీ మీద కూర్చుంది.

జిమ్‌లో ఇంకొకాయన ఉన్నారు. అటు తిరిగి ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్నారు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. ఊపిరి తీసుకోవడమే కష్టంగా ఉంటే ఇక కేక ఎలా వస్తుంది? బార్‌కి రెండు వైపులా క్లిప్పులు బిగించి ఉన్నాయి కాబట్టి పక్కకు వంచి ప్లేట్లు జార్చేసే వీలు కూడా లేదు. చివరికి బార్‌ని పొట్ట మీదుగా తొడల దాకా దొర్లించుకుని, ఎలాగో లేచి కూర్చున్నాను. అంతా కలిపి అర నిమిషం పట్టి ఉంటుంది. పొట్ట మీద అడ్డంగా కమిలిన గీత మాత్రం రెండు వారాలు పోలేదు. ఇంట్లో చెప్పలేదు. డాక్టర్ దగ్గరికీ వెళ్లలేదు. రెండూ తప్పే.

ఇంకో తప్పు కూడా ఉంది. ట్రెడ్‌మిల్ మీదున్న ఆయన్ని నేను ఎనిమిది నెలలుగా వారానికి మూడుసార్లు చూస్తున్నాను. ఒకసారి ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతుంటే విన్నాను కూడా. ఎదురుపడితే తలూపడం తప్ప ఒక్క మాట కలపలేదు. ఆ సెట్ మొదలుపెట్టే ముందు ‘అన్నా, ఒక్క నిమిషం వెనకాల నిలబడతారా?’ అని అడిగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. అడగలేదు. కారణం మొహమాటం.

అడగడానికి ఎందుకంత ఇబ్బంది?

ఊళ్లో ఉన్నప్పుడు సాయం అడగడం మనకు కొత్త కాదు. బియ్యం బస్తా దించాలన్నా, బీరువా జరపాలన్నా ‘ఒక చెయ్యి వెయ్యరా’ అంటే చాలు, వీధిలో వెళ్లేవాడు కూడా ఆగి చెయ్యి వేసేవాడు. ఇక్కడికొచ్చాక ఎవరి పని వాళ్లు చేసుకోవడం అలవాటైపోయింది. జిమ్‌లో అయితే మరీను. ‘ఈ మాత్రం బరువుకే సాయం కావాలా అనుకుంటారేమో’, ‘ఆయన వ్యాయామం పాడుచేసినట్టవుతుందేమో’, ‘నా ఇంగ్లిష్ యాసకు ఏమనుకుంటారో’... ఇలా మనసులో వంద ప్రశ్నలు.

నిజానికి జిమ్‌లో ఇది రోజూ జరిగే మామూలు విషయం. బరువెత్తేవారి దగ్గర నిలబడి, అవసరమైతే చెయ్యి అందించే మనిషిని స్పాటర్ అంటారు. ‘కెన్ యూ స్పాట్ మీ?’ అన్న నాలుగు మాటలు చాలు. ఆ రాత్రి తర్వాత నేను చాలామందిని అడిగాను. కాదన్నవాళ్లు ఒక్కరూ తగల్లేదు. పైగా చాలామంది చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసేసి, ‘ఎన్ని చేస్తావు?’ అని నవ్వుతూ వచ్చారు.

ఇది నా ఒక్కడి భయం కూడా కాదు. అమెరికాలో 1990 నుంచి 2007 వరకు ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలకు వచ్చిన కేసుల ఆధారంగా పరిశోధకులు ఒక అంచనా వేశారు. ఆ 18 ఏళ్లలో బరువులెత్తుతూ గాయపడినవారు 9.7 లక్షలకు పైగా ఉన్నారు. వాటిలో 90 శాతం గాయాలు బార్లు, డంబెల్స్, ప్లేట్ల వంటి ఫ్రీ వెయిట్స్ వల్లే. ఎక్కువ గాయాలకు కారణం బరువు మనిషి మీద పడటం. గాయపడినవారిలో దాదాపు సగం మంది 13 నుంచి 24 ఏళ్ల వయసువాళ్లు. ఈ చివరి మాట చదివినప్పుడు నాకు మా అబ్బాయి గుర్తొచ్చాడు.

మా అబ్బాయి అడిగిన మూడు ప్రశ్నలు

వాడికి పదహారేళ్లు. హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడతాడు. ఒక శనివారం ‘డాడీ, గ్యారేజ్‌లో బెంచ్ పెట్టుకుందామా? ఒకాయన పాతది తక్కువకి ఇచ్చేస్తున్నాడు’ అన్నాడు. ఫొటో చూశాను. బెంచ్, బార్ పెట్టుకోవడానికి రెండు కొక్కేలు, అంతే. బార్ జారితే ఆపడానికి ఏమీ లేదు. వద్దన్నాను. ఎందుకని అడిగితే చెప్పక తప్పలేదు. క్లబ్‌హౌస్‌లో జరిగింది మొదటిసారి వాడి ముందు బయటపెట్టాను. వాళ్లమ్మ కూడా విన్నది. ఆ సాయంత్రం నాకు పడ్డ చివాట్లు ఇక్కడ రాయను.

మావాడు మాత్రం ఆశ్చర్యపోయాడు. ‘స్పాటర్ లేకుండా ఎందుకు చేశావు? మా స్కూల్లో అలా బార్ కూడా తియ్యనివ్వరు’ అన్నాడు. వాళ్ల కోచ్ మొదటి వారమే నేర్పించాడట. మర్నాడు నన్ను క్లబ్‌హౌస్‌కి తీసుకెళ్లి బెంచ్ మీద పడుకోబెట్టి, తల వెనక నిలబడి మూడు ప్రశ్నలడిగాడు. ఎన్ని రెప్స్? బార్ తీసి ఇవ్వాలా, నువ్వే తీసుకుంటావా? ఎప్పుడు చెయ్యి వెయ్యమంటావు, ఆగిపోగానేనా, నువ్వు చెప్పాకా?

ఈ మూడూ ముందే మాట్లాడుకోకపోతే స్పాటర్ ఉన్నా ప్రయోజనం సగమే. కొందరు అవసరం లేకుండానే బార్ పట్టుకుని పైకి లాగుతుంటారు. కొందరు ‘ఇంకొకటి, ఇంకొకటి’ అని అరుస్తూ చెయ్యి వెయ్యడం మర్చిపోతారు. రెండూ ఇబ్బందే.

నిలబడేవారి పని కూడా వాడే చూపించాడు. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, నడుము నిటారుగా ఉంచాలి. చేతులు బార్‌కి దగ్గరగా దానితో పాటే కిందికీ పైకీ కదలాలి కానీ తాకకూడదు. పట్టుకోవాల్సి వస్తే ఒక చెయ్యి పైనుంచి, ఒక చెయ్యి కిందనుంచి పట్టుకుంటే బార్ వేళ్లలోంచి దొర్లిపోదు. బార్ రెండు వైపులా కొక్కేల్లో కూర్చుందని కళ్లతో చూశాకే వదలాలి. డంబెల్స్ అయితే మోచేతుల దగ్గర కాదు, మణికట్ల దగ్గర పట్టుకోవాలి. మోచేతుల్ని ఆపితే చేతులు మడతపడి డంబెల్ ముఖం మీదికి రావచ్చు.

మన ఇళ్లలో ఇంకో భయం ఉంది: ‘ఈ వయసులో బరువులెత్తితే పొడవు పెరగడు’ అని. పెద్దల పర్యవేక్షణలో, సరైన పద్ధతిలో చేసే వ్యాయామం పిల్లల ఎదుగుదలను ఆపదని ఇక్కడి పిల్లల వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. కాబట్టి మనం గట్టిగా పట్టుబట్టాల్సింది పర్యవేక్షణ గురించి. గ్యారేజ్ తలుపేసుకుని స్నేహితుడి వీడియో చూసి ఎవరెక్కువ ఎత్తుతారో పందెం వేసుకునే దగ్గరే ప్రమాదమంతా.

మల్లీశ్వరి వెనక ఎవరున్నారు?

ఆ తర్వాతి వారం ట్రెడ్‌మిల్ ఆయనతో మాట కలిపాను. ‘అన్నా, ఒక్క సెట్‌కి నిలబడతారా?’ అన్నాను. ఆయన వెంటనే మెషీన్ ఆపి దిగారు. ‘తెలుగువాళ్లని నాకూ అనిపించిందండీ, మీరు పలకరిస్తారేమోనని చూస్తున్నాను’ అన్నారు. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊరట వాళ్లది. ఆ పేరు వినగానే కరణం మల్లీశ్వరి మాట రాక తప్పదు కదా! ఆయనే ఒక ప్రశ్న వేశారు: ‘సిడ్నీలో మా మల్లీశ్వరి అంత బరువెత్తినప్పుడు వెనక ఎవరూ లేరు. మరి మనకెందుకండీ?’

మంచి ప్రశ్నే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయ్యారు. స్వర్ణం కోసం చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు వెళ్లారు, అది నిలవలేదు. బార్ వేదిక మీద పడింది. ఆమె క్షేమంగా నడిచి వెళ్లారు. ఆ క్రీడలో పద్ధతే అది. ఎత్తలేకపోతే బార్‌ని ముందుకో వెనక్కో వదిలేసి మనిషి తప్పుకోవాలి. అలా తప్పుకోవడం కూడా మొదటినుంచీ నేర్పిస్తారు. వెనక ఎవరైనా నిలబడితే బార్ వాళ్ల మీదే పడుతుంది. ప్లేట్లు కూడా పడేయడానికి వీలైన రబ్బరువి.

పవర్‌లిఫ్టింగ్ లెక్క వేరు. అందులో స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ ఉంటాయి. పోటీల్లో వేదిక మీద కనీసం ఇద్దరు స్పాటర్లు ఉండాల్సిందే. ప్రపంచ చాంపియన్ అయినా సరే, వాళ్లు లేనిదే బార్ ముట్టుకోరు.

తేడా అంతా ఒక్క విషయంలో ఉంది. బరువు వదిలేస్తే ఎక్కడ పడుతుంది? నేల మీద అయితే మనిషి అక్కర్లేదు. డెడ్‌లిఫ్ట్ అలాంటిదే, రాకపోతే వదిలేస్తే సరి. ముఖం మీద, మెడ మీద, ఛాతీ మీద, భుజాల మీద పడేదైతే మనిషో, ఆపే ఏర్పాటో ఉండాలి. బెంచ్ ప్రెస్, బార్ వీపు మీద పెట్టుకుని చేసే స్క్వాట్, తల పైకి ఎత్తే ప్రెస్, పడుకుని డంబెల్స్‌తో చేసేవి ఈ కోవలోకి వస్తాయి. జిమ్‌లో కొత్త వ్యాయామం ఏది మొదలుపెట్టినా ముందు ఈ ప్రశ్న వేసుకుంటే చాలు.

మనిషి ఉన్నంత మాత్రాన సరిపోదు

2023 జులైలో ఇండోనేసియాలోని బాలిలో జస్టిన్ విక్కీ అనే ఫిట్‌నెస్ శిక్షకుడు 210 కిలోల స్క్వాట్ చేయబోయి మెడ విరిగి చనిపోయారు. ఆయన వెనక ఒక స్పాటర్ ఉన్నారు. కానీ అంత బరువును వెనకనుంచి ఒక్క మనిషి ఆపడం జరిగే పని కాదు. 2009లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ జట్టులో ఆడే స్టఫాన్ జాన్సన్ చేతిలోంచి బెంచ్ ప్రెస్ బార్ జారి గొంతు మీద పడింది. గంటల తరబడి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆయన కోలుకుని మళ్లీ ఆటకు వచ్చారు. అక్కడ కూడా దగ్గర మనిషి ఉన్నారు. జారే బార్ ఎవరి కోసమూ ఆగదు.

వీటి నుంచి తెలుసుకోవాల్సింది మూడు మాటలు. ఒకటి, బార్‌ని పట్టుకునేటప్పుడు బొటనవేలు చుట్టూ తిప్పి బిగించాలి. బొటనవేలు కూడా మిగతా వేళ్ల పక్కనే పెట్టి పట్టుకుంటే జారినప్పుడు ఆపేది ఏమీ ఉండదు. రెండు, బరువైన స్క్వాట్‌కి ఒక్కరు చాలరు. బార్‌కి రెండు చివర్లా ఒక్కొక్కరు ఉండాలి, ఇద్దరూ ఒకేసారి పట్టుకోవాలి. మూడు, సాయం చేసేవారు మీకన్నా బలవంతులే కానక్కర్లేదు. బరువెత్తేవారు ఇంకా తోస్తూనే ఉంటారు కాబట్టి చాలాసార్లు కొద్దిపాటి సాయంతోనే బార్ లేస్తుంది. కానీ చెయ్యి పట్టేసినా, కళ్లు తిరిగినా మొత్తం బరువు వాళ్ల మీదే పడుతుంది. అందుకే వాళ్ల శక్తిని బట్టి బరువు ఎంచుకోవాలి.

ఎవరూ లేనప్పుడు

షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకీ, పిల్లలు పడుకున్నాకే తీరిక దొరికేవాళ్లకీ ప్రతిసారీ మనిషి దొరకరు. అప్పుడు బరువులు మానేయక్కర్లేదు, పద్ధతి మార్చుకోవాలి.

మొదటిది, పవర్ ర్యాక్. నాలుగు స్తంభాల ఇనుప చట్రం. అందులో అడ్డంగా పెట్టే సేఫ్టీ పిన్నులు, లేదా ముందుకు వచ్చే సేఫ్టీ ఆర్మ్స్ ఉంటాయి. బార్ జారితే అవి ఆపుతాయి. చాలా జిమ్‌లలో ఇవి ఉంటాయి కానీ సరైన ఎత్తులో పెట్టుకునేవాళ్లు తక్కువ. బెంచ్ ప్రెస్‌కి ఎత్తు చూసుకోవడం ఇలా: ఖాళీ బార్‌తో పడుకుని మామూలుగా చేసినట్టే ఛాతీ పైకెత్తి బార్ దించాలి. బార్ ఛాతీకి తగిలినప్పుడు పిన్నులు దానికి కాస్త కిందే ఉండాలి. ఛాతీ దించి వీపు బెంచ్‌కి ఆనించగానే బార్ పిన్నుల మీద కూర్చోవాలి. బార్ మెడ వైపు జరిగినా మెడకి తగలకుండా పిన్నులే ఆపాలి. ఖాళీ బార్‌తో ఒకసారి కావాలనే ఓడిపోయి చూడండి, ధైర్యం వస్తుంది.

రెండోది, వ్యాయామం మార్చడం. ఒంటరిగా ఉన్న రోజు బార్ బదులు తేలికపాటి డంబెల్స్, ఛాతీకి మెషీన్, పుషప్స్ చాలు. రాదనుకున్నప్పుడు డంబెల్స్ పక్కలకు దించేయొచ్చు. ఇంకా రెండు రెప్స్ చేయగలననిపించగానే సెట్ ఆపేయాలి. ఎంత ఎత్తగలనో పరీక్ష చేసుకునే రోజు అది కాదు.

పిన్నులు లేని బెంచ్ మీద తప్పనిసరై చేయాల్సి వస్తే క్లిప్పులు పెట్టవద్దని చాలామంది చెబుతారు. పక్కకు వంచితే ప్లేట్లు జారిపోతాయి. కానీ ఒక వైపు ఖాళీ కాగానే రెండో వైపు బరువుకి బార్ ఒక్కసారిగా ఎగిరి తిరుగుతుంది. పక్కన మనిషి గానీ, చిన్నపిల్లలు గానీ ఉంటే వాళ్లకు దెబ్బ. ఇది ప్రాణం దక్కించుకునే ఆఖరి దారే తప్ప అలవాటు చేసుకునే పద్ధతి కాదు.

ఇంట్లో గ్యారేజ్‌లోనో, బేస్‌మెంట్‌లోనో చేసేవాళ్లు ఇంట్లో ఒకరికి చెప్పి మొదలుపెట్టండి. లోపలి తలుపు గడియ పెట్టకండి. ఫోన్ అలమర మీద కాకుండా పడుకున్నా చేతికందే చోట ఉంచండి. మెడ మీద, ఛాతీ మీద, పొట్ట మీద బార్ పడితే పైకి ఏమీ కనిపించకపోయినా ఆసుపత్రికి వెళ్లండి. గొంతు వాపు, లోపలి గాయాలు కాసేపయ్యాక బయటపడతాయి. ఊపిరి ఇబ్బందిగా ఉంటే ఆలస్యం చేయకుండా 911కి ఫోన్ చేయాలి. నాలాగా దాచుకోవద్దు.

పౌండ్లా, కిలోలా?

మనవాళ్లకు మాత్రమే ఉండే చిక్కు ఒకటుంది. అమెరికా జిమ్‌లలో ప్లేట్ల మీద ఎక్కువగా పౌండ్లు, హైదరాబాద్, దుబాయ్ జిమ్‌లలో కిలోలు. సెలవులకు ఇండియా వెళ్లి అక్కడి జిమ్‌లో ‘25’ అని ఉన్న ప్లేట్లు రెండు వైపులా వేసుకుంటే, ఇక్కడి అలవాటు కొద్దీ అది 50 పౌండ్లనుకుంటాం. నిజానికి అది 50 కిలోలు, అంటే 110 పౌండ్లు. ఖాళీ బార్‌ని లెక్కలోకి తీసుకోని కొత్తవాళ్లూ ఉన్నారు. మామూలు పెద్ద బార్ ఒక్కటే 20 కిలోలు, ఇక్కడి లెక్కలో 45 పౌండ్లు. కొత్త ఊళ్లో, కొత్త జిమ్‌లో మొదటి సెట్ ఖాళీ బార్‌తోనే చేయడం మంచిది.

ఆడవాళ్లు అడగాల్సి వస్తే

నలభై దాటాక ఎముకల బలం కోసం బరువులెత్తమని డాక్టర్లు చెబుతుండటంతో మా కమ్యూనిటీలో చాలామంది మహిళలు జిమ్‌కి వస్తున్నారు. మా ఆవిడ కూడా మొదలుపెట్టింది. స్క్వాట్‌కి స్పాటర్ వెనక చాలా దగ్గరగా నిలబడి, అవసరమైతే ఛాతీ దగ్గర చేతులు వేసి లేపాల్సి వస్తుంది. పరాయి మగవాళ్లను అలా అడగడం ఎవరికైనా ఇబ్బందే. అందుకని సాయమే లేకుండా చేసేయడం పరిష్కారం కాదు. పిన్నులున్న ర్యాక్‌లోనే స్క్వాట్ చేయాలి. లేదా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఒకే వేళకి వచ్చేలా మాట్లాడుకోవాలి. మా కమ్యూనిటీలో నలుగురు కలిసి వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నారు. ‘రేపు ఆరింటికి ఎవరొస్తున్నారు?’ అన్న ఒక్క మెసేజ్‌తో పని జరిగిపోతోంది. పండుగ వంటల గురించి మాట్లాడుకునే గ్రూపులు మనకు చాలానే ఉన్నాయి కదా, ఇదొకటి ఎక్కువ కాదు.

మా గ్యారేజ్‌లోకి చివరికి సేఫ్టీ ఆర్మ్స్ ఉన్న ర్యాక్ వచ్చింది. పాత బెంచ్ కన్నా చాలా ఎక్కువే అయింది. మావాడు రెండేళ్లు నా తల వెనక నిలబడ్డాడు, నేను వాడి వెనక నిలబడ్డాను. ఆ వయసు పిల్లాడితో వారానికి మూడు గంటలు ఫోన్లు పక్కన పెట్టి గడపడానికి నాకు ఇంకో దారి దొరికేది కాదు. బడి సంగతులు, స్నేహితుల సంగతులు, వాడి భయాలు నేను విన్నది ఎక్కువగా సెట్‌కీ సెట్‌కీ మధ్యలోనే.

మొన్న ఆగస్టులో కాలేజీకి వెళ్లిపోయాడు. గ్యారేజ్ బోసిపోయింది. వారానికి రెండు రోజులు శ్రీకాకుళం అన్నయ్య వస్తున్నారు. మిగతా రోజుల్లో ఒక్కడినే. ఆదివారం ఫోన్ చేసినప్పుడు మావాడు తిన్నావా అని అడగడు, ‘డాడీ, సేఫ్టీలు పెట్టుకున్నావా?’ అంటాడు. పెట్టుకున్నానని చెప్పి, నేనూ అడుగుతాను: ‘అక్కడ నీ వెనక ఎవరు నిలబడుతున్నార్రా?’ మొదటి రెండు వారాలు జవాబు సరిగ్గా రాలేదు. మూడో వారం ఒక పేరు చెప్పాడు. పక్క గదిలో ఉండే కుర్రాడట. వీడే వెళ్లి అడిగాడట.